ఉత్తరాల పేజీ ఆర్డిస్

మా నార్‌హోమ్ ఊరి వారపత్రికకు పదహారు పేజీలు. మూడో పేజీలో మరణవార్తలు, అయిదో పేజీలో గోధుమ ధరలు, ఏడో పేజీలో పాఠకుల ఉత్తరాలు ఉంటాయి. జనం మాత్రం మొదట మూడు, తరువాత ఏడు, ఓపిక మిగిలితే అయిదు చదువుతారు. ఆ ఏడో పేజీని ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా నడుపుతున్న మనిషి ఆర్డిస్ ట్వేట్.

నేను ఇక్కడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన తొలి సంవత్సరం ఆర్డిస్ పదో తరగతి చదువుతుండేది. కామాను వంటలో ఉప్పులాగా వాడాలని నేను చెప్పాను. ఆమె దానిని ఖరీదైన మందులాగా వాడేది. అర్ధవిరామ చిహ్నం మీద నాకున్న ప్రేమ ఆమెకు బొత్తిగా అంటలేదు. ఉపాధ్యాయుడికి తనలోని ఇష్టాలన్నీ అంటించే భాగ్యం ఉండదు. ఏ క్రియ లేకుండా వాక్యాన్ని ముగించిన మా కొత్త ప్రిన్సిపాలు ఒకాయనను గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలని ఉంది గాని, అది వేరే కథ.

ఏడో పేజీకి ఆర్డిస్ నియమాలు గట్టివి. ఉత్తరం కింద అసలు పేరు ఉండాలి. రెండు వందల మాటలు మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అచ్చుకు పంపే ముందు ఆమె రాసినవారికి ఫోను చేసి, ఉత్తరాన్ని ఆసాంతం చదివి వినిపిస్తుంది. అవతలివారు సరేనంటేనే అది పత్రికకు వెళుతుంది. ఆ తరువాత అసలు కాగితాన్ని ఆ మనిషి పేరున్న అట్ట ఫైలులో దాచిపెడుతుంది. వంటింటి పక్క అరల నిండా ఊరి అభిప్రాయాలు అక్షర క్రమంలో ఉండేవి.

ఆమె భర్త ఐవర్ పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. సోమ, మంగళవారాలలో ఆ వంటింట్లో వినిపించే మాటలన్నీ ఇతరుల కోపతాపాలే. అవీ లేకపోతే ఆ ఇంట్లో గడియారం తప్ప మాట్లాడేది లేదు. అందుకే, ఆ ఆగస్టులో పత్రికను నగరంలోని ఒక కంపెనీ కొన్నప్పుడు, మేనేజరు బ్రైస్ అనే కుర్రవాడు ఫోనులో అన్న మాట ఆమెను కుదిపేసింది.

"చూడండి మేడమ్, ఈ పేజీ వల్ల ఎవరైనా చందా మానేశారంటే ఆ చోట టైర్ల ప్రకటన వేస్తాం. టైర్ల మీద ఎవరూ అలగరు."

ఆ నవంబరులో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. గెలిచినవాడు ప్రమాణం చేసేది జనవరిలో. గెలిచినది ఏ పార్టీయో నేను చెప్పను. చెబితే చదివేవారిలో సగం మంది ఇక్కడే ఆగిపోతారు. నా వృత్తిలో నేర్చుకున్న జాగ్రత్త ఇది. మైలో రాస్ముసెన్ పార్టీ గెలిచింది, ఆరిన్ డాల్ పార్టీ ఓడింది అంటే సరిపోతుంది. ఇద్దరూ నా విద్యార్థులే. మైలో ధాన్యపు గోదాములో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆరిన్‌కు ట్రాక్టర్లు బాగుచేసే దుకాణం ఉండేది.

ఊళ్ళో కాఫీ హోటల్లో పొద్దున్నే రెండు పెద్ద బల్లలు నిండుతాయి. ఒకటి మైలో వాళ్ళది, దానికి పెద్ద వెర్నన్ లోఫ్‌గ్రెన్. రెండోది ఆరిన్ వాళ్ళది. ఏ గుంపుకూ చెందని నాబోటివాళ్ళం కిటికీ దగ్గర కూర్చుంటాం. అక్కడ చలి గాలి తగులుతుంది.

రాబోయే అధ్యక్షుడు గెలిచిన మరునాడే సరస్సు ఒడ్డున ఉన్న తన ఇంటికి వెళ్ళి పదిరోజులు చేపలు పట్టాడు. మంత్రుల పేర్లు ఒకేసారి చెప్పకుండా రోజుకొకటి వదిలాడు. ప్రమాణం చేయకముందే పరాయి దేశాధినేతలతో ఫోనులో మంతనాలాడాడు.

"మనిషికి నిదానం ఉందిరా," అన్నాడు వెర్నన్. "చేప కోసం కూర్చోగలిగినవాడు దేశాన్ని ఏలగలడు."

"ఆ గాలం పట్టుకోవడం చూశావా?" అని ఆరిన్ అవతలి బల్లనుంచి అన్నాడు. "తలకిందులుగా పట్టుకున్నాడు. ఆ చేపలు జాలిపడి వచ్చి ఉంటాయి."

ఎనిమిదేళ్ళ కిందట ఆరిన్ పార్టీవాడు గెలిచినప్పుడు అతను కూడా సరస్సు దగ్గరకే వెళ్ళాడు. పేర్లు చిల్లరగా వదిలాడు, ఫోన్లు చేశాడు. అప్పుడు నిదానాన్ని మెచ్చుకున్నవాడు ఆరిన్, చేపలమీద జాలిపడినవాడు వెర్నన్. రెండు బల్లలూ తమ వాక్యాలను మార్చుకున్నాయి గాని కాఫీ కప్పులను మార్చుకోలేదు. నేను ఆ సంగతి అనలేదు. మన విద్యార్థులను అరవై దాటాక దిద్దడం మర్యాద కాదు.

డిసెంబరు మొదటి వారంలో మైలో అలవాటు ప్రకారం ఉత్తరం టైపు చేసి ఆర్డిస్‌కు పంపాడు. తేదీ వేయడం పోస్టాఫీసు పని అని అతని నమ్మకం. అతని ఉత్తరాలలో ఒక్కదానిమీదా తేదీ ఉండదు. నచ్చినవాడినైనా నచ్చనివాడినైనా అతను పేరుపెట్టి రాయడు. ఆర్డిస్ అతని అట్ట తీసి, తెరిచి బల్లమీద పెట్టుకుంది. పాతవాటికీ కొత్తదానికీ అదే టైపు మిషను, అదే పసుపుపచ్చ కాగితం. పొయ్యిమీద పాలు పొంగాయి. వాటిని దించి వచ్చి ఆమె పొరపాటున కొత్త ఉత్తరాన్ని అట్టలో పెట్టింది, ఒక పాతదానిని చేతిలో పట్టుకుని మైలోకు ఫోను చేసింది. ఆసాంతం చదివింది.

"రెండు వందల నాలుగు మాటలున్నాయి మైలో. నాలుగు తియ్యాలి."

"ఎక్కడ తీస్తావు? అన్నీ కావలసినవేగా."

"'అక్షరాలా' అని మూడుసార్లుంది."

"రెండు తీసుకో. ఒకటుంచు."

"'గౌరవనీయులైన'?"

"అది పోనీ. దాంతో మూడు."

"'నిస్సిగ్గుగా' కూడా తీసేస్తే సరిపోతుంది."

"ఆ ఒక్కటీ ముట్టుకోకు. ఉత్తరమంతా దానిమీదే నిలబడింది. 'చాలా' ఉందే, అది తీసెయ్."

"మిగతాది సరేనా?"

"సరే. బాగా కుదిరింది."

నా అభిప్రాయంలో ఇందులో వింత ఏమీ లేదు. మైలో మాటలు లెక్కపెట్టుకుంటూ విన్నాడు, ఆర్డిస్ పరువునష్టం దావాకు దారితీసే మాటల కోసం వెతుక్కుంటూ చదివింది. అర్థం ఇద్దరి మధ్యనుంచి ఎవరికీ అడ్డు తగలకుండా వెళ్ళిపోయింది.

బుధవారం పత్రిక వచ్చింది. "దేశానికి సెలవుల్లేవు. గెలిచిన పెద్దమనిషి మాత్రం నిస్సిగ్గుగా సరస్సు ఒడ్డున కూర్చున్నాడు. ప్రమాణం చేయకముందే పరదేశాలతో బేరాలు మాట్లాడడం, ట్రాక్టరు కొనకముందే దానిమీదెక్కి ఊరేగడం వంటిది." కింద మైలో రాస్ముసెన్ పేరు. తన ఉత్తరాన్ని అచ్చులో చదవడం గొప్పలకు పోవడమని మైలో అనుకుంటాడు గనుక, ఊళ్ళో దానిని చదవనివాడు అతనొక్కడే.

గురువారం పొద్దున అతను వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ కాఫీలోకి పాలగిన్నె అందించలేదు.

"ఒంట్లో బాగుందా మైలో?" అని వెర్నన్ అడిగాడు.

"బాగానే ఉంది. ఏం?"

"ఏం లేదు. మీ ఆవిడ మార్లిస్ నీకు మందులు వేళకిస్తోందా అని."

అప్పుడు ఆరిన్ కుర్చీలోంచి లేచి వచ్చి మైలో ముందు ఆపిల్ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె ముక్క పెట్టాడు. "రారా మైలో, మా బల్ల దగ్గర చోటుంది. నువ్వు రాసింది మా ఆవిడ ఫ్రిజ్‌కు అంటించింది. 'ఇన్నాళ్ళకు ఒక్కడికి బుద్ధొచ్చింది' అంటోంది."

మైలో పక్కవాడి పత్రిక లాక్కుని నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు. "ట్రాక్టరు సంగతి నాదే," అన్నాడు నెమ్మదిగా. "మిగతాది ఎవరిదో."

"చందా మానేస్తున్నా," అన్నాడు వెర్నన్. "నాతోపాటు ఇంకో ఆరుగురు. సోమవారం అందరం కలిసి వెళతాం. మా వాడి నోటితో మమ్మల్నే తిట్టించే పత్రిక మాకెందుకు?"

మైలో టోపీ పెట్టుకుని నేరుగా ఆర్డిస్ ఇంటికి నడిచాడు. ఆమె అప్పటికే అట్ట తెరిచి రెండు పసుపుపచ్చ కాగితాలనూ పక్కపక్కన పరిచి కూర్చుని ఉంది. ఈ భాగం నాకు ఆర్డిస్ చెప్పినది. ఆమె ఒక మాట కలపదు, ఒక మాట వదలదు.

"తప్పు నాది మైలో. ఇది నువ్వు ఎనిమిదేళ్ళ కిందట రాసింది. అప్పుడు కూడా నాలుగు మాటలు తీశాం. అవే నాలుగు."

మైలో రెండూ చదివాడు. కొత్తదానిలో "అలసిన మనిషి ఊపిరి తీసుకోవడం తప్పా?" అని ఉంది. అతను పాతదానిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదే బాగుంది," అన్నాడు.

"సవరణ వేస్తాను."

"వద్దు. పిచ్చెక్కిందనుకుంటే వసంతానికల్లా మరిచిపోతారు. రెండూ నావేనని తెలిస్తే మా మనవళ్ళ దాకా చెప్పుకుంటారు."

"వెయ్యకపోతే వెర్నన్ ఏడుగురిని మాన్పిస్తాడు. పేజీ పోతుంది."

మైలో టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "వెయ్యి," అన్నాడు చివరికి. "చిన్న అక్షరాల్లో."

"సవరణలన్నిటికీ ఒకటే సైజు మైలో."

తరువాతి బుధవారం ఏడో పేజీ పైన అది వచ్చింది: కిందటి వారం ఉత్తరం ఎనిమిదేళ్ళ నాటిదని, అది అప్పట్లో గెలిచిన అధ్యక్షుడిని గురించినదని, పొరపాటు పూర్తిగా పేజీ చూసేవారిదని. దాని కిందనే కొత్త ఉత్తరం. హోటల్లో మైలోను ఒక పూటంతా ఏడిపించారు. వెర్నన్ కళ్ళు తుడుచుకుంటూ పాలగిన్నె అందించాడు. చందా ఎవరూ మానలేదు.

అసలు చిక్కు మరునాడు మొదలైంది. ఆరిన్ డాల్ దారినపోతూ ఊరికే వచ్చినట్టు ఆర్డిస్ తలుపు తట్టాడు.

"నీ దగ్గర పాతవన్నీ ఉన్నాయటగా. నావి కూడానా?"

"నీవి ఇరవై రెండు."

"అవి ఎవరైనా చూస్తారా?"

"నేను చూస్తాను."

"నువ్వు సరే. పాలు పొంగితేనో?"

సాయంత్రానికి వెర్నన్ వచ్చాడు. తన అట్ట ఎంత లావుందో దూరంనుంచి చూసి వెళ్ళిపోయాడు. ఆ వారం పదిహేడుమంది వచ్చారు. ఉత్తరం మాత్రం ఒక్కటి కూడా రాలేదు. ఆ తరువాతి వారమూ రాలేదు. రాబోయే అధ్యక్షుడు మంత్రిపదవికి తన మేనల్లుడి పేరు చెప్పాడు, మూడోనాడు వెనక్కి తీసుకున్నాడు. మామూలు రోజులలో ఇది ముప్ఫై ఉత్తరాల సంగతి. రెండు బల్లలూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నాయి. ఏడో పేజీని ఆర్డిస్, చర్చి విందు వివరాలు, హాట్‌డిష్ అనే కాల్చిన కూర ఎవరెవరు తెస్తున్నారో ఆ జాబితా వేసి నింపింది.

జనవరి మొదట్లో బ్రైస్ ఫోను చేశాడు. "ఒక్క ఫిర్యాదు లేదు మేడమ్. అద్భుతం."

"ఉత్తరాలు కూడా లేవు."

"ఓ. అయితే ప్రమాణస్వీకారం అయ్యేదాకా చూద్దాం. అప్పటికీ రాకపోతే టైర్లే."

ఫోను పెట్టేశాక ఆ వంటింట్లో వినడానికి ఏమీ లేదు. ఆర్డిస్ మూడు రోజులు ఆలోచించింది. నాలుగోనాడు అరలన్నీ ఖాళీ చేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాగితాలను మనిషికొక కవరులో పెట్టి, పేర్లు రాసి, మంచులో ఇల్లిల్లూ తిరిగి ఎవరివి వారికి ఇచ్చేసింది. మొత్తం వారం పట్టింది. కారు వెళ్ళలేని వీధుల్లో నడిచింది. చనిపోయినవారి కవర్లు వారి పిల్లలకు ఇచ్చింది. ఒక కూతురు గుమ్మంలోనే కూర్చుని నాన్న రోడ్ల శాఖను తిట్టిన ఉత్తరాలన్నీ చదువుకుందట.

నాకూ ఒక కవరు వచ్చింది. అందులో నేను రాసినవి మూడు. వాటిలో వాక్యనిర్మాణం నిర్దుష్టంగా ఉంది. అభిప్రాయాల విషయంలో రెండోది మొదటిదానిని ఖండిస్తున్నది. మూడోది రెండింటినీ ఎరగనట్టు నడిచింది. నేను వాటిని నిఘంటువు వెనక పెట్టాను.

"అరలు ఖాళీ అయిపోయాయే," అన్నాను ఆర్డిస్‌తో.

"అవి నావి కావుగా మాస్టారూ," అంది. ఆమె చేతి తొడుగులు తీయనే లేదు. ఇంకా ఏడు ఇళ్ళున్నాయని వెళ్ళిపోయింది.

చివరికి మైలో ఇల్లు. అతను కవరు విప్పి పసుపుపచ్చ కాగితాలు లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"నకళ్ళు ఉంచుకోలేదుగా?"

"లేదు."

"ఒట్టు?"

"నేను ఒట్లు పెట్టను. లేవంటే లేవు."

వంటింట్లోంచి మార్లిస్ అంది: "ఆవిణ్ణి కూర్చోమనవయ్యా ముందు. ఒట్టు సంగతి తరవాత."

మైలో కుర్చీ లాగాడు. కాసేపటికి అన్నాడు: "ఆ దిగిపోయేవాడి సంగతి చూశావా? పది రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాల్సినవాడు, ఇప్పుడు కూర్చుని సంతకాలమీద సంతకాలు పెడుతున్నాడు."

"రాసివ్వు."

"రాశాను. నెలనించి రాస్తూనే ఉన్నాను." అతను లోపలికి వెళ్ళి ఆరు ఉత్తరాలు తెచ్చాడు. "పంపించాలంటే భయమేసింది ఆర్డిస్. రేపు ఇంకొకడు దిగేటప్పుడు మళ్ళీ ఇవే బయటికొస్తాయేమోనని."

ఆమె ఆరూ చూసి ఒకటి తీసుకుంది. మనిషికి వారానికి ఒకటే అని నియమం.

ప్రమాణస్వీకారానికి ముందటి సోమవారం ఆర్డిస్ బల్లమీద తొమ్మిది ఉత్తరాలున్నాయి. అయిదు అటు, నాలుగు ఇటు. మేనల్లుడి గురించే నాలుగు. బ్రైస్‌కు ఆ లెక్క చెబితే, టైర్లవాళ్ళకు పదో పేజీ చూస్తానన్నాడు. ఆమె కాఫీ పెట్టుకుని మొదట వెర్నన్‌కు ఫోను చేసింది.

"నీ ఉత్తరం చదువుతున్నాను వెర్నన్, విను."

"ఒక్క నిమిషం ఆగు," అన్నాడు వెర్నన్. "రేడియో కట్టేసి వస్తాను."