వంటావార్పులో మేజర్ జోగారావు

సైన్యంలో ఉన్న చివరి రోజుల్లో మేజర్ జోగారావు యువ అధికారులకు పాఠాలు చెప్పాడు. యుద్ధం గడియారంలా నడవదనీ, వానమబ్బులా కదులుతుందనీ, ఎక్కడో ఒక చిన్న కుదుపు పెద్ద దళాన్నే చెల్లాచెదురు చేస్తుందనీ, అది ఏ కుదుపో ముందుగా ఎవరికీ తెలియదనీ ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్మీ పరీక్షలకు కోచింగ్ సెంటర్ పెట్టి అక్కడా అదే చెప్పేవాడు.

"ఇది పరీక్షలో వస్తుందా సార్?" అని కుర్రాళ్లు అడిగితే, రాదని చెప్పి మళ్లీ చెప్పేవాడు.

సకల జనుల సమ్మె రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన ఎక్కిన ఆటో ఎల్‌బీనగర్ చౌరస్తాలో ఆగిపోయింది. తెలంగాణ కోసం రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు జరుగుతోంది. ఒకవైపు ఉద్యమకారులు, మరోవైపు పోలీసులు, మధ్యలో గుండిగలు. జోగారావు ఆటో దిగి నాలుగడుగులు వేశాడో లేదో, వెనక లారీ టైరు పేలింది.

"కాల్పులు!" అని ఎవరో అరిచారు. లాఠీలు లేచాయి. జనం రాళ్లందుకున్నారు. జోగారావుకు కాళ్లు వణికి, గుండిగల పక్కనే కూలబడ్డాడు.

కోచింగ్ సెంటర్ ఉన్న బిల్డింగు యజమాని, కర్మన్‌ఘాట్ జంగయ్య, రాయి పట్టుకుని పరుగున వచ్చాడు. "సార్, లెవ్వుండ్రి. దెబ్బ తాకుతది."

లేవడం ఆయన వల్ల కాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

"అన్నం ఉడికిందా జంగయ్యగారూ?"

"ఉడికింది."

"అయితే వడ్డించండి. ఆకలేస్తోంది."

రాయి పట్టుకుని వడ్డించడం కుదరదు. జంగయ్య దాన్ని పక్కన పెట్టి గరిటె తీసుకున్నాడు. ఒక పెద్దావిడ వచ్చి జోగారావు పక్కన కూర్చుని తనకూ పెట్టమంది. చూస్తుండగానే భోజనాల బంతి సాగింది. తింటున్నవాళ్లను ఏం చేయాలో తోచక ఇన్‌స్పెక్టర్ లాఠీ దించాడు. టైరు సంగతి అప్పటికి అందరికీ తెలిసింది.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది: 'ఉద్యమానికి మాజీ మేజర్ మద్దతు'.

ఆయన అపార్ట్‌మెంట్‌లో ఎక్కువమంది కోస్తావాళ్లే. అసోసియేషన్ అధ్యక్షుడు వెంకటేశ్వరరావు వచ్చి, "మీరు కూడానా అండీ?" అన్నాడు.

"టైరు పేలిందండీ."

వెంకటేశ్వరరావుకు అర్థం కాలేదు. నెల తిరక్కుండా అసోసియేషన్‌లో జోగారావు కార్యదర్శి పదవి పోయింది. ఉద్యమ సభలో మాట్లాడమని జంగయ్య మనుషులు వచ్చారు. వాళ్లకూ అదే జవాబు చెప్పాడు. వాళ్లకూ అర్థం కాలేదు.

అదంతా గొప్ప వ్యూహమని కోచింగ్ సెంటర్ కుర్రాళ్లు నమ్మారు. కాళ్లు వణికి కూర్చున్నానని చెబితే వినయమనుకున్నారు. ఆ మాట నమ్మింది భార్య సూర్యప్రభ ఒక్కతే.

"పోన్లెండి, తిన్నారుగా. కూరేంటి?" అంది.