గేటు బయటి బల్ల

ఏళాయిరంపన్నై ఊరు దాటాక, నల్లరేగడి పొలాల నడుమ ఉన్న చిన్న బాణాసంచా కర్మాగారానికి యజమాని, పనివాళ్ళ మాటలో మొదలాళి, గోపాల్‌సామి నాయకర్. పొద్దున్నే మంచులో నడిచొస్తుంటే, పొలం మీది పొగే మనిషి రూపం కట్టినట్టుంటాడు. గేటు దగ్గర చెప్పులు విడుస్తాడు. ప్రతి గది గుమ్మంలోనూ, ఒంట్లోని కరెంటు దిగిపోవడానికి బిగించిన రాగిరేకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక క్షణం నిలబడతాడు. తలుచుకునేది దేవుణ్ణో, లోపల పనిచేసేవాళ్ళనో తెలియదు. వెండిరంగు మందుపొడి అంటిన ఆయన గోళ్ళు పగలు కూడా వెన్నెల్లో ఉన్నట్టు మెరుస్తాయి.

ఫోనుతో గేటు దాటినవాళ్ళు ఆ రోజంతా బయటి బల్ల మీద కూర్చోవాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఒకరోజు మందు కలిపే గదిలో పంచె సర్దుకుంటుంటే నడుము మడతలో తన ఫోనే చేతికి తగిలింది. ఎవరూ చూడలేదు. ఆయన మెల్లగా బయటికి నడిచి, బల్ల మీద కూర్చుని, గాలికి ఊగే మిరపచేను చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం, గొట్టాల్లో మందు నింపే బొమ్మక్క మజ్జిగ తెచ్చింది.

"లోపలికి రాండి మామా. మీరు మొదలాళి గదా!"

"అందుకేనమ్మా ఈడ కూసునింది."

ఆమె మజ్జిగ చెంబు బల్ల మీద పెట్టింది. "అట్లయితే ఆ కొసకి జరుగుండి. రొండు గంటలకి ఎండ ఈడికి వస్తుంది. పోయిన చిత్తిర నెల ఎండల్లో నేను కూసున్నప్పుడు ఆడనే రొంత నీడ ఉండె."

ఆయన జరిగాడు. అక్కడ జానెడు నీడ ఉంది.

మర్నాడు పనివాళ్ళు వచ్చేసరికి బల్ల గేటుకి కాస్త ఎడంగా ఉన్న వేపచెట్టు కింద ఉంది.