యంత్రం దగ్గర ఇద్దరు

సాయంత్రం షిఫ్టు మారే సైరన్ టెల్కో కాలనీ మీదుగా వినిపిస్తే చాలు, కంప్యూటర్ మీద నా చెయ్యి ఆగిపోతుంది. తెర మీద పిల్లలు గీసిన బొమ్మలు, పక్కనే సాఫ్ట్‌వేర్ వేసిన మార్కులు. ఒక ప్రోగ్రాం రాసే ముందు అందులో ఎవరెవరుంటారో, ఎవరికి ఎవరితో ఏం సంబంధమో గీసి చూపడాన్ని మోడలింగ్ అంటారు. గమ్హరియా వైపున్న మా కాలేజీలో నేను చెప్పే పాఠం అదే. ఆ మార్కుల మీద నేను కళ్లు మూసుకుని ఏనాడూ సంతకం పెట్టలేదు, పెట్టను కూడా. ఆ మొండితనం నాకు పైడిరాజు మాస్టారు పెట్టిన భిక్ష.

ఈ హిందీ ఊళ్లో ఆయనదీ మాలాగే వలస వచ్చిన తెలుగిల్లు. అదే కాలేజీలో మాకు ఆ పాఠం చెప్పేవారు. బొమ్మను దిద్ది, తప్పెక్కడో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసి, మొదట మా మీదే వదిలారు. ఆఖరి ఏడాది పరీక్షలో కర్మాగారం షిఫ్టులకు బొమ్మ గీయమన్నారు. నేను ఒక్కో యంత్రానికి ఇద్దరు ఆపరేటర్లని గీశాను. 'యంత్రానికి ఆపరేటర్ ఒక్కరే. సంబంధం తప్పు' అని తేల్చేసింది సాఫ్ట్‌వేర్. ఆ ప్రశ్నకు సున్నా, దాంతో పేపరే పోయింది. పేపరు పోతే క్యాంపస్ ఇంటర్వ్యూ గుమ్మం తొక్కనివ్వరు. నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఆయన గదికి వెళ్లి, "సర్, యే గలత్ నహీ హై" అని, ఇది తప్పు కాదని హిందీలో దెబ్బలాటకి దిగాను.

"ఇంట్లో ఏ భాషలో దెబ్బలాడతావో ఆ భాషలోనే చెప్పమ్మా," అన్నారు నవ్వకుండా. "ఇద్దరెందుకు? ఏటి కథ?"

"మా నాన్న ప్లాంటులో చేత్తన్నారు సార్. తర్వాత షిఫ్టు రిలీవర్ రాందే మిషను ఒగ్గరు. వచ్చినోడికి పని అప్పజెప్పినంతసేపూ ఇద్దరూ ఉంటారు."

ఆయన బొమ్మను దగ్గరికి లాక్కున్నారు. "నిజవేనమ్మా. రిలీవర్ కోసం మా నాన్న ఎన్ని మాట్లు ఉండిపోనాడో. నా సాఫ్ట్‌వేర్‌కి ఆ ముక్క చెప్పడం మర్చిపోనాను." నేను గెలిచాననుకునేలోపే మళ్లీ అందుకున్నారు. "మరి అప్పజెప్పడం అయిపోయాక? నువ్వు గీసినట్టయితే ఆ ఇద్దరూ షిఫ్టంతా అక్కడే కూకుంటారు. ఒకడైనా ఉండాల, ఇద్దరు దాటకూడదు. సున్నా మటుకు ఎప్పుడూ అవకూడదు."

ఆయన నా ఒక్కదాని మార్కు దిద్ది ఊరుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జవాబును దిద్ది, క్లాసు మొత్తం పేపర్లూ మళ్లీ దిద్దించారు. నాకు సగం మార్కులే వచ్చాయి, పాసవడానికి సరిపోయాయి. నాలాగే ఇద్దరిని గీసినవాళ్లు ఇంకొందరు బయటపడ్డారు. అందరూ షిఫ్టు డ్యూటీల ఇళ్ల పిల్లలే.

నేను కొన్నేళ్లు బయట ఉద్యోగం చేశాక మాస్టారే ఫోన్ చేసి పాఠం చెప్పడానికి రమ్మన్నారు. నేను చేరేసరికి ఆయన రిటైరైపోయారు, అయినా రోజూ వస్తూనే ఉన్నారు. ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది.

"ఇంకా ఎందుకొత్తన్నారు సార్?" అన్నాను.

"రిలీవర్ రాందే ఎలా ఒగ్గెత్తానమ్మా?"

ఆ నెలంతా పక్కపక్కనే కూర్చున్నాం. సాఫ్ట్‌వేర్ సున్నా వేసిన ప్రతి పిల్లనీ, పిల్లవాణ్నీ పిలిచి, ఎందుకలా గీశావని అడిగేవారు. కొందరిది ఉత్త తప్పే, చీవాట్లు తిని వెళ్లేవారు. తర్వాత ఒక ఉదయం ఆయన రాలేదు. అప్పజెప్పడం అయిపోయిందన్నమాట. ఖాళీగా ఉన్న ఆయన కుర్చీ చూసి నాకు ఏడుపొచ్చింది.

ఈ సాయంత్రం ఒకమ్మాయికి సున్నా వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి ఉంది, ముఖం ఎర్రగా చేసుకుని.

"అందర్ ఆవో, బేటా," అని లోపలికి పిలిచి, అప్పట్లో మాస్టారి పక్కన నేను కూర్చున్న కుర్చీని ఆమె కోసం లాగాను.