స్క్రాప్‌కు పూజ

అవమానాలను ఎర్ర సిరాతో రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు అలవాటు. మిగతా డైరీ అంతా నీలం. ఆ ఏడు ఆయుధపూజ పేజీ మాత్రం పూర్తిగా ఎరుపు.

మా వాషింగ్ మెషీన్ రెండు తొట్ల పాతరకం. ఒక తొట్టిలో ఉతికిన బట్టల్ని తీసి పక్క తొట్టిలో వేస్తే పిండుతుంది. పండగనాడు స్కూటర్‌తో పాటు దానికీ విభూతి, కుంకుమ పెట్టి చామంతి దండ వేయడం మా ఆవిడ పద్ధతి. అంతకుముందే పొద్దున బట్టలు పిండినప్పుడు కింద నుంచి కారిన నీళ్లు, సరిగ్గా హారతి వేళకు ముగ్గులోకి పాకాయి. కింది అంతస్తులో ఉండే మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, చుట్టాలందరి ముందూ పకపకా నవ్వాడు. వాడికి ఇంటి సామాన్ల దుకాణం ఉంది.

"ఏం బావా, స్క్రాప్‌కి పూజ చేస్తుండావే! పాతసామాన్ల గుజరీకి వేసేయ్. నా అంగట్లో ఫుల్ ఆటోమేటిక్ ఉండాది, రేపే పంపిస్తా. అక్కా, నువ్వన్నా చెప్పు ఈ పిసినారికి."

చుట్టాలూ నవ్వారు. మా ఆవిడ చేతిలో హారతి పళ్లెం అలాగే ఆగిపోయింది. ఇక కొత్త మెషీన్ కొనడమంటే వాడికి తల వంచడమే. కానీ పాతది బాగుపడకపోతే వాడన్నదే నిజమవుతుంది.

మర్నాడు దాన్ని వెనక్కి తిప్పి విప్పాను. స్క్రూలను విప్పిన వరుసలోనే పాత క్యాలెండర్ మీద పేర్చాను. మోటారు బాగానే ఉంది. పిండే తొట్టి ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీల్ చీలింది, అంతే. దాన్ని జేబులో వేసుకుని విడిభాగాల కొట్లన్నీ తిరిగి, అలాంటిది దొరికాకే ఇంటికి వచ్చాను. బిగించాక చుక్క కారలేదు. వాడికి మాత్రం చెప్పలేదు. పగ కూడా ఆవకాయలాంటిదే, ఊరాలి.

ఎండాకాలంలో బోరు ఎండింది. సంపులో ట్యాంకర్ నీళ్లు పోయించుకుని అందరం బకెట్లతో మోసుకుంటున్నాం. కొళాయిలో ధార లేకపోతే కింద వాడింట్లోని ఫుల్ ఆటోమేటిక్ కదలదు, కుయ్‌మని మొత్తుకుని ఆగిపోతుంది. మా తొట్టికి పైనుంచి బకెట్లు కుమ్మరిస్తే చాలు.

ఒక ఆదివారం, పైన మా మెషీన్ తిరిగే చప్పుడు విని, వాడు బట్టల మూటతో మెట్లెక్కి వచ్చాడు.

"బావా, ఒక్క తడవ వేసుకుంటా."

"దేంట్లో?"

"అదే... మీ మెషీన్‌లో."

"మెషీన్ యాడుండాదప్పా? మా ఇంట్లో స్క్రాప్ ఉండాది."

వాడు అక్క వైపు తిరిగాడు. "చూడక్కా, ఆ పొద్దు మాట ఇంకా పట్టుకోనుండాడు."

"పోనీలెండి, పిల్లోళ్లు విడిచిన గుడ్డలే తొడుక్కుంటుండారు" అంటూ మా ఆవిడ మూట అందుకోబోయింది. నేను మూట మీద చెయ్యి వేశాను.

"ఉతుక్కోమను. ముందు దండ తెచ్చి వెయ్యమను."

"ఇప్పుడు చామంతులు యాడ దొరుకుతాయి బావా!"

"మల్లెలు దొరుకుతాయిలే. ఎండాకాలమే గదా."

నేను వదలనని గ్రహించి, వీధి చివర పూలబండి దగ్గరికి వెళ్లి మూర మల్లెలు తెచ్చాడు. దండ వేశాక కుంకుమ భరిణె అందించాను. పెట్టాడు.

"చాలునా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"హారతి?"

వాడు మళ్లీ అక్క వైపు చూశాడు. అంతవరకూ వాడి పక్షమే మాట్లాడిన ఆవిడ లోపలికి వెళ్లి, ఆనాటి పళ్లెమే తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. కర్పూరం వెలిగించింది కూడా ఆవిడే.