పసుపు పెట్టిన దయ్యాల సంచులు

ఆ సంచుల మాట ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా పాపకు అప్పుడు ఐదేళ్లు. హాలోవీన్‌కి తన గుంపులో అందరికీ మిఠాయి సంచులు తెస్తానని ఇక్కడ జర్మనీలో కీటా అనే చిన్నపిల్లల బడిలో టీచరుకు తనే మాటిచ్చి వచ్చింది. గుంపులో ఇరవై రెండు మంది పిల్లలున్నా దానితో ఆడేది ఒక్కతే. సంచులు ఇస్తే మిగతావాళ్లూ ఆటకు పిలుస్తారని దాని ఆశ. ఆ సంగతి నాతో చెప్పాక దుకాణంలో ప్లాస్టిక్ కవర్లు కొనడానికి నాకు మనసొప్పలేదు.

మీగడ రంగు మందపాటి కాగితం తెచ్చాను. స్కేలు పెట్టి గీతలు నొక్కి, మడిచి, అంచులకు జిగురు రాసి, ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత సంచిగా చేశాను. రబ్బరు స్టాంపును నల్ల ఇంకులో అద్ది దయ్యం బొమ్మ వేసే పని పాపది. గట్టిగా నొక్కితే దయ్యం అలుక్కుపోతుంది, మెల్లగా నొక్కితే కళ్లు పడవు. పాడైన వాటిని పక్కన పడేసి మళ్లీ చేశాం. నాలుగు రోజులు పట్టింది. మిఠాయిలు నింపి, పైన రంధ్రం చేసి నారింజ రిబ్బను ముడి వేశాం.

పండగనాటి ఉదయం చూస్తే ప్రతి సంచికీ నాలుగు మూలలా పసుపు. మూడు నెలల కోసం మా దగ్గరికి వచ్చిన అత్తమ్మ పని అది.

"ఏంది అత్తమ్మా ఇది? ఇవి దయ్యాల పండుగకు చేసినయి" అన్నాను.

"అయితే ఇంకా మంచిగ వెట్టాలె. పోరగాండ్లకు ఇచ్చేటివి గద బిడ్డా, పెండ్లి కార్డులకు వెట్టమా?" అంది, వేలు కొంగుకు తుడుచుకుంటూ.

పళ్లు కొరుక్కున్నాను. మళ్లీ చేసే టైము లేదు. డబ్బాలో సర్దుకుని పాపను తీసుకుని కీటాకు పరుగెత్తాను.

టీచరు ఒక సంచిని రెండు వేళ్లతో పైకెత్తి వాసన చూసింది. ఇదేం మరక, తినేదేమైనా అంటుకుందా అని అడిగింది. ఇష్టంగా ఇచ్చేదానికి మా వైపు పసుపు పెడతారని చెప్పడానికి ఎంత జర్మన్ కావాలి? నాకు అంతకంటే ఎక్కువే వచ్చు, పరీక్ష కూడా పాసయ్యాను. అయినా నవ్వుతూ, "క్షమించండి, మా అత్తగారు వంట చేతులతో ముట్టుకున్నారు. ఫ్లెక్, మరకే" అన్నాను. నా వేలు పట్టుకుని నిలబడిన పాప తలెత్తి నా మొహంలోకి చూసింది.

టీచరు డబ్బాను బీరువా మీద పెట్టేసింది. పిల్లలకు దుకాణం పాకెట్లలోని జెల్లీ బొమ్మలు పంచారట. సాయంత్రం మూత కూడా తీయని డబ్బా తిరిగి నా చేతికి వచ్చింది. పాప దారంతా డబ్బానే చూస్తూ నడిచింది. వాసన చూసిన ఆ ముక్కు మీద కోపం వచ్చింది. అడగకుండా వేలు పెట్టిన అత్తమ్మ మీద వచ్చింది. ఎవరూ అడగకుండానే క్షమాపణ చెప్పిన నా నోటి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

"పోరగాండ్లకు నచ్చినయా?" అని తలుపు తీస్తూనే అడిగింది అత్తమ్మ.

"నచ్చినయి" అని డబ్బాను కింద కెల్లర్‌లో, నేలమాళిగలోని సామాన్ల గదిలో, పాత సూట్‌కేసుల వెనక దాచేశాను.

ఆ వారమే దీపావళి. అత్తమ్మ ఊరి నుంచి తెచ్చిన పట్టు లంగాను పెట్టెలోంచి తీసింది. కొత్త బట్ట కదా, అంచుకు ఇంత పసుపు రాసి పాపను పిలిచింది. పాప ఆ అంచును రెండు వేళ్లతో ఎత్తి వాసన చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా నవ్వి, "నైన్, ఫ్లెక్" అని జర్మన్‌లోనే వద్దనేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ నవ్వు నాదే.

అత్తమ్మ లంగాను ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఏమన్నది బిడ్డా?"

లంగా బిగుతుగా ఉంటుందంటోందని చెప్పబోయి మానేశాను.

"మరక అన్నది అత్తమ్మా" అన్నాను. "నేనే నేర్పిన."