హట్టిలో మిస్‌ఫైర్ అంటే

2022 చలికాలం. హట్టిలో బంగారు గని కార్మికుల క్వార్టర్లకు వెళ్ళే దారి మలుపులో నా మెకానిక్ షెడ్డు. ఒక రోజు పొద్దున యుద్ధ ట్యాంకు వస్తున్నంత చప్పుడైంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. నా స్పానర్లు బల్ల అంచుదాకా నడిచొచ్చి తొంగి చూశాయి. పక్క హోటల్లో ఇంకా పొయ్యి ఎక్కని పాలు పొంగాయి. రాత్రి షిఫ్టు దిగి అప్పుడే కన్నుమూసిన క్వార్టర్ల జనం కిటికీలు తెరిచి, ఆ బండివాడికి మూడు తరాల పెద్దలతో సహా అర్చన మొదలుపెట్టారు.

తీరా వచ్చింది ఒక బక్క మోటార్‌సైకిల్. దాని పక్కన బిందెంత సైలెన్సర్. నడుపుతున్నవాడు వీరేశ్, గనిలో బ్లాస్టింగ్ గ్యాంగులో పని. వెనక సీటు ఖాళీ. చాలా దూరంలో చెంగు బిగించి నడుచుకుంటూ వస్తున్నది అతని భార్య శాంతమ్మ.

“ఉస్తాద్, జర ట్యూనింగ్ చెయ్యి,” అన్నాడు దిగకుండానే. “కొత్త సైలెన్సర్ ఏయించిన. సప్పుడు మస్తుగుంది గానీ, రేస్ ఇడిస్తే ఫట్ ఫట్ అంటది. గది ఒక్క తీరుగ వస్తలేదు.”

“ఫట్ ఫట్ బందు చెయ్యాల్నా, దానికి తాళం నేర్పాల్నా?”

“తాళమే,” అన్నాడు సిగ్గు లేకుండా.

నాకు ఒళ్ళు మండింది. మా దగ్గర ట్యూనింగ్ అనే మాటకు పట్టిన గతి ఇది. ఇంజనులోకి గాలీ పెట్రోలూ తగిన పాళ్ళలో వెళ్ళేట్టు సర్దడం ట్యూనింగ్. జనానికి మాత్రం అది బండి చేత పాట పాడించే విద్య! అంతలో శాంతమ్మ వచ్చేసింది.

“అన్నా, అసలు సంగతి జెప్తలేడు సూడు. నిన్న లింగసుగూరు రోడ్డుల పత్తి లారీని దాటనీకి రేస్ ఇచ్చిండు. నట్టనడుమ బండి దమ్ము ఇడిసింది. ఎదురుంగ బస్సు! గా డ్రైవర్ బస్సును రోడ్డు కిందికి దింపకుంటే, ఇయ్యాల మా ఫోటోలకు దండ ఏస్తుండిరి. నేనైతే దీన్ని ఎక్క.”

“అరె, కొద్దిగ ఆగింది, అంతే,” అన్నాడు వీరేశ్.

స్పార్క్ ప్లగ్ విప్పాను. బాగున్న ఇంజనులో దాని మొన లేత కాఫీ రంగులో ఉంటుంది. ఇది సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మా భాషలో లీన్ మిక్స్చర్, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. కొత్త సైలెన్సర్లో చప్పుడును మింగే లోపలి గొట్టం, బాఫిల్, పీకేసి ఉంది. ఇంజను దగ్గర అతుకులో గాలి దూరకుండా వేసే గ్యాస్కెట్ కూడా వేయలేదు మహానుభావులు.

సైలెన్సర్ మార్చిన ప్రతి బండికీ ట్యూనింగ్ కావాలని నేననను. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ పొగ వాసన పట్టి చిన్న తేడాను తానే సర్దుకుంటుంది. వెనక ముక్క ఒక్కటే మారిస్తే చాలావాటికి ఏమీ కాదు. ఇది కార్బురేటర్ బండి. అందులో జెట్ అనే ఇత్తడి బొడిపె రంధ్రం ఎంతుంటే పెట్రోలు అంతే. పొగ దారి ఇంత బార్లా తెరిచినప్పుడు పెద్ద జెట్ వేసి తీరాలి.

సైలెన్సర్ అమ్మినవాడికి ఫోన్ కొట్టాను.

“ట్యూనింగా? మా మాల్ ట్యూనింగ్ అయ్యే వస్తది భాయ్! సప్పుడు ఇన్లేదా?” అన్నాడు.

హార్మోనియాలు అమ్మేవాడికి కూడా అంత ధీమా ఉండదు! ఫోన్ పెట్టేసి, ఆ కోపమంతా వీరేశ్ మీద కుమ్మరించాను. “ఇంజన్ల అంటుకోవాల్సిన పెట్రోలు ఆడ అంటుకుంట లేదు. బయటికొచ్చి సైలెన్సర్ల పేలుతుంది. గా పాటకు తాళం కావాల్నా నీకు? దీన్ని మిస్‌ఫైర్ అంటరు!”

వీరేశ్ చెయ్యి హ్యాండిల్ మీదనుంచి జారింది. “మిస్‌ఫైరా?”

వాళ్ళ పనిలో అది నోటితో అనడానికే జంకే మాట. రాతిలో తొలిచిన రంధ్రాల్లో మందు కూరి, దూరంగా నిలబడి పేలుళ్ళు లెక్కపెడతారు. ఒక్కటి తగ్గిందంటే పేలని మందు లోపల కాచుకుని ఉందన్నమాట. అదే వాళ్ళ మిస్‌ఫైర్. దాని సంగతి తేలేదాకా అక్కడ ఎవరూ పని ముట్టరు.

శాంతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “గనిల ఒక్కటి మిస్సైతే అడుగు ముందలికి ఎయ్యనంటవు. ఈడ నన్ను ఎక్కించుకొని బస్సుకు ఎదురు పోతవా?”

నా వేదాంతమంతా చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. వీరేశ్ ముఖం ఆ ప్లగ్ కంటే తెల్లబడింది. గొణిగాడు: “పెద్ద జెట్ ఏస్తే దమ్ము ఇడ్వది గద ఉస్తాద్?”

“ఇడ్వది. నేనే ఏస్త. సప్పుడు మాత్రం గిట్లనే ఉంటది.”

అతను భార్యను చూశాడు. ఆమె క్వార్టర్ల కిటికీల వైపు చూసింది. అక్కడ అర్చన ఇంకా సాగుతూనే ఉంది.

“పాతదే బిగియ్యి,” అని, ఇంట్లో కోళ్ళ గూటికి అడ్డం పెట్టిన కంపెనీ సైలెన్సర్ తేవడానికి పరుగెత్తాడు.

కొత్త గ్యాస్కెట్‌తో దాన్ని బిగించి, కార్బురేటర్ మీద అమ్మినవాడు తోచినట్టు తిప్పేసిన స్క్రూలు సరిచేశాను. రోడ్డు మీద నేనే గట్టిగా రేస్ ఇచ్చి చూశాను. ఎక్కడా ఆగలేదు. శాంతమ్మ చెవి ఒగ్గి విని, వెనక సీటెక్కి కూర్చుంది.

సైలెన్సర్ అమ్మేవాళ్ళ మీద నా కోపం మాత్రం ఈనాటికీ చల్లారలేదు. కానీ ఒకటి నేర్చుకున్నాను. ట్యూనింగ్ కావాలని ఎవరొచ్చినా ఇప్పుడు ముందు బండి మోడల్ అడగను. “ఎనక ఎవర్ని ఎక్కించుకుంటవ్?” అని అడుగుతాను. ఆ జవాబు నాకు వినపడాలంటే వాళ్ళు ఇంజను ఆపక తప్పదు.