ఒంటి మీద తెచ్చిన సామాను

విమానాల వాళ్ళు సామాను తూస్తారు గాని మనిషిని తూయరు కాబట్టి నాబోటివాడు ఇంకా ఆకాశంలో తిరగగలుగుతున్నాడు. మనిషిని కూడా కాటా ఎక్కించే పద్ధతే ఉంటే, నా పొట్టకు వేరే టిక్కెట్టు కొని, దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి తీసుకెళ్ళవలసి వచ్చేది. ఏడో తరగతిని రెండేళ్ళు శ్రద్ధగా చదివి, ఇంక అందులో నేర్చుకోవలసినది ఏమీ లేదని తేల్చుకుని బడి మానేసినవాణ్ణి నేను. అయినా పెట్టెను చేత్తో ఎత్తి చూసి ఎన్ని కేజీలో చెప్పేయగలనని నాకో నమ్మకం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ సరిపోలేదు గాని, నమ్మకం మాత్రం సడలలేదు.

మొన్న హైదరాబాదులో మా మేనకోడలికి సీమంతం చేశారు. మా ఆవిడ పూతరేకులూ, బూరెలూ, చలిమిడీ, గోరుమిటీలూ సర్దింది. కురిడీ కొబ్బరికాయలు కూడా పెట్టబోతే మా మేనల్లుడు ఆపాడు. ఎండుకొబ్బరి విమానంలోకి రానివ్వరట. అంబాజీపేటలో పుట్టి పెరిగినవాడు కొబ్బరి లేకుండా శుభకార్యానికి వెళ్ళడమంటే చొక్కా లేకుండా వెళ్ళినట్టే గాని, ఏం చేస్తాం. టిక్కెట్టు కూడా ఆ మేనల్లుడే ఫోనులో తీశాడు. కూర్చోడానికి ఒక రేటు, కిటికీ పక్కన కూర్చోడానికి ఇంకో రేటు, సామానుకు వేరే, ఆకలేస్తే ఇంకా వేరే. సామానుకు ఇంకో అయిదు కేజీలు ముందే కట్టేద్దాం మావయ్యా, అక్కడికెళ్ళాక కడితే మరీ ఎక్కువవుతుంది అని వాడు చెబుతూనే ఉన్నాడు. నేను పెట్టె చేత్తో ఎత్తి చూసి, అక్కర్లేదన్నాను.

మధురపూడి విమానాశ్రయంలో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి, మా ఆఖరి దాని ఈడు పిల్ల, చాలా మర్యాదగా చెప్పింది, కాస్త ఎక్కువుందండీ, డబ్బు కడతారా, సామాను తీస్తారా అని. "ఆయ్, తీస్తానండీ" అని అందరి ముందూ పెట్టె తెరిచి, అందులోంచి రెండు చొక్కాలూ, ఒక స్వెట్టరూ తీసి, ఉన్న చొక్కా మీదే ఒకదాని మీద ఒకటి తొడిగేశాను. మా ఆవిడ నన్నెరగనట్టు రెండడుగులు అవతలికి జరిగి, పైకప్పు కేసి చూస్తూ నిలబడింది. నేను నవ్వుకుంటూ నడుస్తుంటే, ఎదురుగా అద్దాల గోడలోంచి ఒక మనిషి నాకేసి వస్తున్నాడు. లావుపాటి మనిషి. బట్టల మందానికి చేతులు ఒంటికి ఆనక, దూరదూరంగా పెట్టుకుని, కాస్త ఒరుగుతూ నడుస్తున్నాడు. ఠక్కున ఆగిపోయాను. ఆ అద్దంలో ఉన్నది నేను కాదు. మా బావగారు.

మా పెదనాన్నగారి అమ్మాయి, నాకు అక్క, ఆవిడ భర్త ఆయన. ఊరు అప్పనపల్లి అవతల, కాలవ గట్టున. గల్ఫులో నేనూ ఆయనా ఒకే గదిలో చాలాకాలం ఉన్నాం. నాకు బావ కాబట్టి గదిలో అందరికీ బావగారే అయిపోయాడు. నేను ఆ రోజుల్లో కొబ్బరి ఈనెలా ఉండేవాణ్ణి, ఆయన నిండుగా బస్తాలా ఉండేవాడు. మేమిద్దరం పక్కపక్కన నడుస్తుంటే, ఆయన జీతం ఆయనే తిని నా జీతం కూడా ఆయనే తింటున్నాడని గదిలోవాళ్ళు ఏడిపించేవారు.

మీరు నా ఈడువారై, అందులోనూ మా కోనసీమ వారైతే, గల్ఫు నుంచి మనిషి రావడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా బిగించిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరూ, ఊరూ, మండలమూ. లోపల పులిబొమ్మో నెమలిబొమ్మో ఉన్న బరువైన దుప్పటి, పౌడరు డబ్బాలు, సెంటు సీసాలు, చీరలు, తలనొప్పి మందు, సబ్బులు. ఆ సబ్బులు ఎవరూ రుద్దుకోరు, బీరువాలో బట్టల మధ్య పెట్టుకుంటారు. సెలవు దొరికిన రోజున సర్దడం కాదు, సెలవు నుంచి తిరిగొచ్చిన వారంలోనే పై సెలవుకు పెట్టె మొదలయ్యేది. మంచం కింద పెట్టె నిండేదాన్ని బట్టి, ఆ మనిషి ఇంటికి ఎంత దగ్గర్లో ఉన్నాడో చెప్పుకునేవాళ్ళం. ఒకడు వెళ్తున్నాడంటే, గదిలో మిగతావాళ్ళ ఇళ్ళకు కూడా తలా ఒక పొట్లం వాడితోనే వెళ్ళాలి. ఇక బరువు మిగిలిపోతే ఒంటికి తొడగడమే. ఎడారి ఎండలో మూడు చొక్కాలతో చెమటలు కక్కుతూ విమానం ఎక్కడం మాకు కొత్త కాదు, సిగ్గూ కాదు. ఒట్టి చేతులతో గుమ్మం ఎక్కడమే సిగ్గు.

బావగారి పెట్టె నిండింది. ముదురాకుపచ్చ రంగు కోటు ఒకటి కొనుక్కుని, దాన్ని తొడుక్కుని ఫోటో తీయించుకుని, ముందు వెళ్ళిన మనిషితో ఆ ఫోటో అక్కకు పంపించాడు కూడా. ఈ కోటుతో దిగుతాను, గుర్తుపట్టమను అన్నాడు. ఇంతలావు మనిషిని గుర్తుపట్టడానికి కోటెందుకండీ అని నేనన్నాను. అదే ఆయనను నేను ఆఖరుగా ఏడిపించడం. సెలవుకు కొద్దిరోజులుందనగా, డ్యూటీ నుంచి వచ్చి, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషి మరి లేవలేదు.

కంపెనీ వాళ్ళు కాయితాలు నడిపి, తోడుగా వెళ్ళడానికి నన్ను పంపారు. మనిషిని తూయరని మొదట్లో అన్నాను గదా, ఒకసారి తూచారు. సరుకుల షెడ్డులో, ఖర్జూరం పెట్టెల పక్కన, ఆయనున్న పెట్టెను కాటా మీద పెట్టి, అంకె చూసి, చీటీ రాసి పక్కన అంటించారు. ఆ అంకె నేను చదివాను. ఈనాటి వరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను.

గదిలో అందరూ ఒక్కటే మాటనుకున్నారు. బావగారు ఒట్టి చేతులతో ఇంటికెళ్ళకూడదు. మనిషి వెళ్ళే విమానంలోనే ఆయన పెట్టె వెళ్ళాలి. నా సామాను ఒక్క చేతిసంచిలో కుదించి, ఆయన మంచం కిందున్న రెండు అట్టపెట్టెలూ కట్టి, కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక పెట్టె నా టిక్కెట్టు మీద వెళ్ళింది. రెండోది ఆయన సామానండీ, ఆయనా ఈ విమానంలోనే వస్తున్నాడు అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. కౌంటరులో ఉన్నాయన చెడ్డవాడు కాదు. కంప్యూటరు చూసి, గొంతు తగ్గించి, ఆయనకు సీటు లేదు కాబట్టి సామాను కూడా లేదన్నాడు. అదనం కట్టాలంటే గదంతా కలిసి వేసుకున్న డబ్బు అప్పటికే కాయితాలకు అయిపోయింది. నేను అట్టపెట్టె పక్కన నేల మీద కూలబడ్డాను.

వెనక లైనులో ఒక పెద్దాయన ముందుకు వంగి అడిగాడు.

"ఏ ఊరండీ తమరిది?"

"అంబాజీపేటండీ. ఈ పెట్టెగలాయనది అప్పనపల్లి అవతలండీ."

"ఆయనేరండీ?"

నేను కింద సరుకులు ఎక్కించే వైపు చెయ్యి చూపించాను.

"మాది కె.గంగవరంలెండి. ఆ తాడు ఇలా కోసెయ్యండి. నా పెట్టెలో ఓ మూల ఖాళీగా ఉంది."

తాడు కోయడమే ఆలస్యం. లైనులో ముందూ వెనకా ఉన్న మన గోదావరివాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ఒకడు దుప్పటి, ఒకడు పౌడరు డబ్బాలు, ఒకడు పాల డబ్బా పట్టుకుపోయారు. ఎవరి పేరూ నేను అడగలేదు. అడగాలని తోచలేదు. ఆఖరుకు బావగారి కొత్త చొక్కాలూ, రెండు చీరలూ, కోటూ, కొన్ని సెంటు సీసాలూ మిగిలాయి. చీరలు నడుముకు చుట్టుకున్నాను. చొక్కాలు వరసగా తొడిగాను. పైన కోటు వేసి, జేబుల్లో సీసాలు కుక్కాను. ఖాళీ అట్టపెట్టె అక్కడే పడి ఉంది, ఆయన పేరు పైకి కనిపిస్తూ. దాన్ని తిరగేసి పెట్టి వచ్చేశాను.

విమానంలో నా జేబులో ఒక సీసా మూత వదులై కారిపోయింది. అది బావగారు శుక్రవారం శుక్రవారం రాసుకునే అత్తరు. ముందు సీటువాడు వెనక్కి తిరిగి చూశాడు. బట్టల మందానికి నేను వంగలేను, పడుకోలేను, నిటారుగా కూర్చుని ఉన్నాను. నా కాళ్ళ కింద, విమానం కడుపులో ఆయన. నా ఒంటి మీద ఆయన బట్టలు, నా ఊపిరిలో ఆయన వాసన. మధ్యలో నేనెక్కడున్నానో నాకే తెలియలేదు.

హైదరాబాదులో దిగాక, సామాన్లు తిరిగే పట్టా దగ్గర, ఆ తీసుకున్నవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి నా ముందు పెట్టి వెళ్ళారు. ఒక్క డబ్బా తగ్గలేదు. ఎవరో ఒకాయన తన సబ్బుల కట్ట కూడా అందులో కలిపి వెళ్ళాడు. అన్నీ దుప్పట్లో మూట కట్టాను. ఒంటి మీదవి విప్పి పెట్టడానికి వేరే సంచీ లేదు. నిజానికి విప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. బావగారిని ఎక్కించిన వాను ముందు సీట్లో అలాగే కూర్చుని, గోదావరి దాటి, ఊరు చేరేసరికి పొద్దెక్కింది.

అక్కకు అసలు సంగతి చెప్పలేదని నాకు తెలియదు. ఒంట్లో బాగాలేదు, తీసుకొస్తున్నారు అని మాత్రమే చెప్పి పెద్దవాళ్ళు ఊరుకున్నారు. మా వైపు అలాగే చేస్తారు, మనిషి కళ్ళపడే దాకా ఆడవాళ్ళకు చెప్పరు. వాళ్ళ సందులోకి వాను పట్టదని కల్వర్టు దగ్గర ఆపించి, ముందుగా అక్కింట్లో ఉన్న పెదనాన్నగారికి చెబుదామని నేను దిగి నడిచాను. ఎండ నా వెనకనుంది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కాళ్ళకిచ్చే నీళ్ళ చెంబుతో. ఆ చేతులు ఒంటికి ఆనని నడకనూ, ఆ కోటునూ చూసి, పైట సర్దుకుని, రెండు మెట్లు దిగి, నవ్వింది.

"వచ్చేరా?" అంది.

నేను నడుస్తూనే ఉన్నాను. ఇంకా దగ్గరికెళ్ళాక ఆవిడకు నా మొహం కనిపించింది. నా వెనక కల్వర్టు మీద తెల్ల వాను కనిపించింది. చెంబు ఆవిడ చేతిలోనే ఉంది. పెదనాన్నగారు వచ్చి భుజం పట్టుకునే దాకా అందులో నీళ్ళు తొణకలేదు.

తరువాత వీధి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ విప్పాను. కోటు, ఒక చొక్కా, ఇంకో చొక్కా, ఇంకోటి, నడుముకున్న చీరలు. అక్క అటే చూస్తూ ఉంది. ఒక్కొక్క బట్టా తీస్తుంటే బావగారు సగమై, పావై, ఆఖరుకు ఏమీ లేకుండా అయిపోయి, ఆ చోట ఈనెలాంటి నేను మిగిలాను.

ఆ తరువాత అక్క కుట్టుమిషను తొక్కి పిల్లల్ని ఒడ్డున వేసింది, పెళ్ళిళ్ళు చేసింది. నేను వెళ్తూ వస్తూ ఉండేవాణ్ణి, అందరినీ ఏడిపించినట్టే ఆవిడనూ ఏడిపించేవాణ్ణి. ఆ గుమ్మంలో ఆవిడ అన్న మాట గురించి మాత్రం ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఆవిడ ఆశ పడ్డ ఆ ఒక్క క్షణం నా మూలంగానే వచ్చిందని, దాన్ని లాగేసుకున్నదీ నేనేనని నాలో ఒక ముల్లు. నేను ఒళ్ళు చేసిన కొద్దీ అది ఇంకా లోపలికి దిగింది. పెళ్ళిళ్ళకు నాకు కోటు కుట్టిస్తామంటే మా పిల్లల మీద కేకలేసేవాణ్ణి. ఎందుకో వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు అన్నీ ఫోనులోనే తేలిపోతున్నాయి. ఎన్ని కేజీలు కావాలంటే అన్నింటికీ ముందే కట్టుకోవచ్చు. నేల మీద కూర్చుని తాళ్ళు కోసుకునే అవస్థ ఎవరికీ లేదు. విమానాశ్రయంలో మైకులో చెబుతూనే ఉంటారు, తెలియనివాళ్ళు ఇచ్చిన వస్తువు తీసుకోవద్దని. వాళ్ళు చెప్పేది సబబే, రోజులు అలాంటివి. కాని నాకు అది వినిపించినప్పుడల్లా ఆ లైనులో చేతులు కనిపిస్తాయి, ఒకరి తరువాత ఒకరు చాపిన చేతులు. వాటి మొహాలు నాకు గుర్తు లేవు. ఈ రోజు అలా ఎవరైనా నేల మీద కూలబడితే, పక్కన నిలబడ్డవాడు చెయ్యి చాపగలడా, చాపినా ఇచ్చేవాడు ఇవ్వగలడా అని ఆలోచిస్తే, ఏదో సుఖం వచ్చి ఏదో చుట్టరికం పోయిందనిపిస్తుంది.

సీమంతం నుంచి తిరిగొచ్చాక అక్క ఇంటికెళ్ళాను. మధురపూడిలో నా వేషం గురించి చెబితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వులో ధైర్యం తెచ్చుకుని, ఇన్నేళ్ళకు ఆ మాట తీశాను. ఈ ముందే కట్టేసుకునే సదుపాయం ఆ రోజుల్లో ఉండుంటే, నేను బావగారి కోటు తొడుక్కోవలసిన పనే ఉండేది కాదు, నీకు ఆ భ్రమ తప్పేది కదే అక్కా అన్నాను.

ఆవిడ నవ్వు ఆపింది.

"నీ మొహం. డబ్బు కడితే సామానొచ్చేదిరా, మీ బావగారు రారుగా. పెట్టెలో ఉన్నాయన్ని నలుగురూ మోసుకొచ్చేరు. వాను కాడి నుంచి నా గుమ్మం దాకా ఆయన నడిచొచ్చింది నీ ఒంటి మీదే. ఆ కాస్త నడకా నాకుండనీ, దాన్ని కూడా తప్పని లాక్కుపోకు."